ఇంటి సంగతులు ఆన్‌లైన్‌లో రాయాలంటే: అసలు పేరా, మారుపేరా?

"మా ఇంటి సంగతులు రాయాలనుంది, పేరు పెట్టి రాయనా, మారుపేరుతో రాయనా?" అని వారానికి ఒకరైనా అడుగుతున్నారు. విడివిడిగా జవాబులు ఇచ్చీ ఇచ్చీ ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెప్పడం మర్చిపోతున్నానని ఈసారి మొత్తం వరసగా రాసేస్తున్నాను. పెళ్లి, పిల్లలు, అత్తిల్లు, పుట్టిల్లు, పెద్దవాళ్ల జబ్బులు, అన్నదమ్ముల పంపకాలు, వీటి గురించి పదిమందీ చదివేలా రాసేవాళ్ల కోసం ఇది.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. మారుపేరు మిమ్మల్ని పరాయివాళ్ల నుంచి దాస్తుంది, మీ మేనత్త నుంచి దాచదు. కింద చెప్పేదంతా దాదాపు ఈ తేడా గురించే.

1. ముందు కాగితం తీసుకోండి: ఎవరికి తెలియకూడదు?

పేరు సంగతి తర్వాత. ముందు ఈ నాలుగు వరసలూ రాసుకుని, ఒక్కో వరస పక్కన "తెలిస్తే ఏమవుతుంది?" అని మీకు మీరే జవాబు రాసుకోండి.

☐ ముక్కూ మొహం తెలియనివాళ్లు
☐ ఆఫీసు
☐ చుట్టాలు, అపార్ట్‌మెంటువాళ్లు, రేపు పిల్లలకి సంబంధాలు చూసేటప్పుడు ఆరా తీసేవాళ్లు
☐ ఒకే కప్పు కింద ఉండేవాళ్లు

మొదటి వరసకి మారుపేరు బాగా పనిచేస్తుంది. రెండో వరసకి జాగ్రత్తగా ఉన్నన్నాళ్లు పనిచేస్తుంది. మూడు, నాలుగు వరసలకి పనిచేయదనే అనుకుని రాయండి.

నా సంగతే చెప్తాను. మారుపేరుతో మొదలుపెట్టిన ఐదో నెలలో, మా అత్తగారు ఫ్రిజ్‌ని "మంచు బీరువా" అంటారనీ, కందిపప్పు డబ్బా అడుగున కవర్లో డబ్బులు దాచుకుంటారనీ సరదాగా రాశాను. అందులో ఊరి పేరు లేదు, మనిషి పేరు లేదు, ఫొటో లేదు. నెల తిరక్కుండానే ఒక సత్యనారాయణ వ్రతం భోజనాల్లో మజ్జిగ వడ్డిస్తున్న నా తోటికోడలు నా విస్తరి దగ్గర ఆగి, "అక్కా, మంచు బీరువాలోంచి తెచ్చా, చల్లగా ఉంటుంది" అని మెల్లిగా అని ముందుకెళ్లిపోయింది. అన్నం కలుపుతున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.

రెండు రోజులు టెన్షన్ పడి, చివరికి నేనే అత్తగారికి చదివి వినిపించాను. మంచు బీరువాకి ఆవిడ కూడా నవ్వారు. కందిపప్పు డబ్బా దగ్గర మాత్రం నవ్వలేదు. "నేను డబ్బులు దాచుకునే చోటు ఊరందరికీ చెప్పావా?" అన్నారు. మర్నాటికి డబ్బా మారిపోయింది. నేను ఐదు నెలలూ నా పేరు దాచుకోవడంలో మునిగిపోయాను గానీ, ఆవిడకి దాచుకోవాల్సింది ఇంకోటి ఉందని తోచనేలేదు. (ఇది ఇక్కడ రాయడానికి ఒప్పుకున్నారు, ఆ డబ్బాలో ఇప్పుడు కందిపప్పే ఉంది కాబట్టి.)

2. ఉన్నవి రెండు దారులు కావు, నాలుగు మెట్లు

"పేరు పెట్టాలా వద్దా" అనే ప్రశ్నలోనే తిరకాసు ఉంది. మధ్యలో ఇంకా మెట్లున్నాయి:

క) మీ పేరు అసలుదే, ఇంట్లోవాళ్ల పేర్లూ అసలువే.
చ) మీ పేరు అసలుదే, మిగతా అందరికీ వేరే పేర్లు.
ట) మీకు మారుపేరు, కానీ ఇంట్లోవాళ్లకీ ఒకరిద్దరు స్నేహితులకీ తెలుసు.
త) ఎవరికీ తెలియదు.

టీచరో, కౌన్సెలరో, డాక్టరో అయ్యుండి మీ అనుభవం వల్లే మీ మాటకి విలువ అనుకుంటే "చ" బాగుంటుంది. కాపురంలో హింస, విడాకులు, ఆస్తి గొడవ నడుస్తుంటే "త" ఒక్కటే దారి, అదీ వకీలుని అడిగాక. అసలు అలాంటప్పుడు డైరీలో రాసుకుని ఏడాది ఆగమంటాను. మిగతా అందరికీ నేను చెప్పేది "ట".

ఎందుకంటే "ట" నుంచి "చ"కి ఏ రోజైనా వెళ్లొచ్చు. "చ" నుంచి వెనక్కి రాలేరు. ఒకసారి పేరు బయటికొచ్చాక స్క్రీన్‌షాట్లు ఎవరి ఫోన్లో ఉన్నాయో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.

3. ఇంట్లో అడగడం

ఎక్కువమంది ఎగ్గొట్టే మెట్టు ఇదే. "మావారికి తెలుసండీ, నీ ఇష్టం అన్నారు" అంటారు. మన ఇళ్లలో "నీ ఇష్టం" అంటే ఒప్పుకోవడం కాదని పెళ్లయిన ఎవరికైనా తెలుసు.

మొత్తానికి ఒకేసారి అనుమతి తీసుకోకండి, ఒక్కో పోస్టుకీ అడగండి. ఇలా: "నీకు ఉద్యోగం లేని ఆర్నెల్ల గురించి రాశాను. ఇదిగో, చదువు. ఏ వాక్యం తీసేయమంటే అది తీసేస్తా, ఎందుకని అడగను." ఆ చివరి ముక్క ముఖ్యం. ఎందుకని అడగడం మొదలుపెడితే అది బేరం అయిపోతుంది.

పెద్దవాళ్లకి లింకు పంపకండి, కూర్చోబెట్టి చదివి వినిపించండి. ఎక్కడ మొహం మారిందో చూడండి, నోటితో ఏం చెప్పినా సరే.

పిల్లల విషయంలో నేను పాటించే లెక్క ఇది. ఆరేళ్లలోపు నిర్ణయం మీదే, కానీ పదో తరగతిలో వాళ్ల క్లాసువాళ్లు దాన్ని గట్టిగా చదువుతున్నట్టు ఊహించుకుని రాయండి. ఏడు దాటాక అడగండి. పన్నెండు దాటాక వాళ్లు వద్దంటే వద్దు, అంతే.

మా అబ్బాయి తొమ్మిదో తరగతిలో తన మీద నేను రాసినవన్నీ ఒక ఆదివారం కూర్చుని చదివాడు. అరవై దాకా ఉన్నాయి. నాలుగు తీసేయమన్నాడు. నేను భయపడ్డది చిన్నప్పుడు పక్క తడిపిన సంగతికి. దానికి "ఉండనీ, ఫన్నీగానే ఉంది" అన్నాడు. తీసేయమన్న నాలుగూ నేను ముద్దుగా ఉన్నాయని రాసుకున్నవి. అవేమిటో ఇక్కడ చెప్పను, తీసేయమన్నాడు కదా. అప్పట్నుంచి ఎవరికి ఏది గుచ్చుకుంటుందో నేను ఊహించడం మానేసి అడుగుతున్నాను.

ఇంకో ముగ్గుర్ని మర్చిపోతుంటాం:

☐ పనమ్మాయి. ఆమె మీద జోకులు రాసేస్తాం, ఆమెకి చదవడం రాకపోవచ్చు గానీ ఆమె కూతురికి వచ్చు.
☐ మతిమరుపు జబ్బులో ఉన్నవాళ్లు. వాళ్ల మంచి రోజుల్లో ఒప్పుకునేవారా అన్నదే ప్రశ్న.
☐ పోయినవాళ్లు. తాతగారి తాగుడు గురించి రాసేముందు నాన్నగారినీ, ఆయన తోబుట్టువులనీ అడగండి.

4. మారుపేరు కట్టడం (మొదటి పోస్టుకి ముందే, ఈ వరసలోనే)

1. పేరు ఎంచుకోండి. ఇంట్లో పిలిచే ముద్దుపేరు వద్దు, పిల్లల పేర్లు కలిపి కుట్టింది వద్దు, ఇంటిపేరు మొదటి అక్షరం అసలే వద్దు. మామూలుగా వినిపించే పేరైతే మంచిది. వెతికి చూడండి, ఆ పేరుతో నిజంగా ఎవరైనా రాస్తుంటే వదిలేయండి.

2. కొత్త మెయిల్ తెరవండి. రికవరీకి ఆఫీసు మెయిల్ ఇవ్వకండి. పాత మెయిల్‌కే పేరు మార్చి వాడొద్దు, దానికి మీ పాత మ్యాప్స్ రివ్యూలు, యూట్యూబ్ కామెంట్లు అన్నీ అతుక్కుని ఉంటాయి.

3. అకౌంటు తెరిచిన వెంటనే కాంటాక్టుల అప్‌లోడ్ ఆపేయండి, "ఫోన్ నంబరుతో నన్ను వెతకొచ్చు" అనే సెట్టింగు తీసేయండి. ఇది మర్చిపోతే మీ కొత్త పేరుని "మీకు తెలిసినవారేమో" అని మీ ఆడపడుచుకే చూపించొచ్చు.

4. బ్రౌజర్‌లో వేరే ప్రొఫైల్ పెట్టుకోండి. ఒకే ఫోన్లో రెండు అకౌంట్ల మధ్య మారుతూ, మారుపేరుతో పెట్టాల్సిన జవాబు అసలు పేరుతో పెట్టేయడం అందరికీ జరిగేదే. నాకు రెండుసార్లు జరిగింది.

5. గూగుల్ డాక్ లింకు పంచుకుంటే ఏ అకౌంటుదో కనిపిస్తుంది. వర్డ్ ఫైల్లో, పీడీఎఫ్‌లో రాసినవారి పేరు దాక్కుని ఉంటుంది. ఎవరికైనా పంపాలంటే మాటలు కాపీ చేసి మెయిల్లోనే అతికించండి.

6. పాఠకుల నుంచి డబ్బులు తీసుకోవాలనుకుంటే యూపీఐ వద్దు. క్యూఆర్ స్కాన్ చేయగానే బ్యాంకులో ఉన్న పేరు పైన వచ్చేస్తుంది.

7. పాఠకులతో వాట్సాప్ గ్రూపు పెట్టకండి. నంబరు అందరికీ కనిపిస్తుంది, ట్రూకాలర్‌లో కొడితే "రమణగారి మిసెస్ సెకండ్ ఫ్లోర్" అని ఎవరో సేవ్ చేసుకున్నది బయటికొస్తుంది.

విదేశాల్లో ఉన్నవాళ్లకి ఒక మాట. అమెరికా వీసాకి నింపే డీఎస్-160 ఫారంలో గత 5 ఏళ్లలో వాడిన సోషల్ మీడియా అకౌంట్ల పేర్లు 2019 నుంచి అడుగుతున్నారు. మారుపేరుది కదా అని వదిలేయకండి, అక్కడ దాస్తే అది వేరే తలనొప్పి. అలాగే ఇక్కడైనా పోలీసు కేసు దాకా వెళ్తే మారుపేరు అడ్డం పడదు. వివరాలు కంపెనీ దగ్గర ఉంటాయి.

5. పట్టించేది పేరు కాదు, తెలుగు

ఈ భాగం రెండుసార్లు చదవండి.

ఇంగ్లీషులో ఆంటీ అంటే ఇరవై మందిలో ఎవరైనా కావచ్చు. తెలుగులో మేనత్త వేరు, పిన్ని వేరు, పెద్దమ్మ వేరు. "మా రెండో తోటికోడలు" అన్నారంటే ప్రపంచంలో ఆ మనిషి ఒక్కతే. మన చుట్టరికాలే ఆధార్ నంబర్లు. మీ పేరు ఎంత దాచినా, మీ చుట్టాల్లో ఒక్కరికి మీరెవరో తెలిసిన మరుక్షణం కథలో ఉన్న ప్రతి మనిషీ పేరుతో సహా తెలిసిపోతారు.

దీనికి అందరూ చేసే పని చుట్టరికం మార్చేయడం. పిన్నిని మేనత్త చేస్తారు. మీకు నిజంగా ఒక మేనత్త ఉంటే? పాపం ఆవిడ చెయ్యని తప్పుకి ఆవిడ మీద పడుతుంది. మార్చాలంటే మీ ఇంట్లో లేని చుట్టరికానికి మార్చండి, లేదా "మావాళ్లలో ఒకావిడ" అని వదిలేయండి.

తర్వాత యాస. "జేజి" అంటే రాయలసీమ, అక్కని "అప్ప" అంటే ఉత్తరాంధ్ర, పచ్చడిని "తొక్కు" అంటే తెలంగాణ అని చదివేవాడికి ఇట్టే తెలుస్తుంది. యాస తీసేయమని మాత్రం నేను చెప్పను. తీసేస్తే పత్రికల్లో ప్రకటనలా చప్పగా తయారవుతుంది. యాస ఉంచి, ఊరు తీసేయండి.

మీ ఇంట్లో మాత్రమే ఉన్న మాటలు (మా మంచు బీరువా లాంటివి) వేలిముద్రల్లాంటివి. అవి రాయాలంటే ఆ ఇంటి మనుషులు చదువుతారని తెలిసే రాయండి.

వివరాలు ఒక్కోటీ అమాయకంగానే ఉంటాయి, కలిస్తేనే పట్టిస్తాయి. ఊరు, ఉద్యోగం, పిల్లలెంతమంది, చుట్టరికం, తేదీ, ఈ ఐదింట్లో ఒక పోస్టులో రెండుకి మించి నిజంవి ఉండనివ్వకండి. "వైజాగ్, బ్యాంకు, కవల పిల్లలు" అన్నారంటే చాలు, మీరెవరో తెలిసిపోవడానికి ఇంకేం చెప్పక్కర్లేదు. పైగా జనవరిలో ఊరు, మార్చిలో ఉద్యోగం, జూన్‌లో కవలలు రాస్తే అవీ కలుస్తాయి. అందుకే ఒక చిన్న పుస్తకంలో "ఇప్పటిదాకా బయటపెట్టినవి" అని రాసుకుంటూ ఉండండి. పుట్టినరోజులు, తద్దినాలు, పెళ్లిరోజులు ఆ రోజునే రాయకుండా నెలా రెండు నెలలు జరిపి రాయండి.

ఒక ఉదాహరణ చూడండి.

ముందు: "మా చిన్న ఆడపడుచు పోయిన శ్రావణమాసంలో వైజాగ్ నుంచి వచ్చింది. లెక్చరర్‌నన్న గర్వంతో నేను చేసిన పులిహోర ముట్టుకోలేదు."

తర్వాత: "పండక్కి వచ్చిన మావాళ్లలో ఒకావిడ నేను చేసిన పులిహోర ముట్టుకోలేదు. అందరూ వెళ్లిపోయాక కూడా ఆ గిన్నె మూత తీయబుద్ధి కాలేదు."

ఏం పోయింది? ఊరు, నెల, ఉద్యోగం, చుట్టరికం పోయాయి. "గర్వంతో" కూడా పోయింది. అది ఆవిడ మనసులో ఉందో లేదో నాకు తెలియదు కాబట్టి, అది నా ఊహ. వచ్చింది గిన్నె మూత. కథ ఆవిడ మీంచి నా మీదకి జరిగింది, ఆ మూత గురించి రాయడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

6. ఫొటోలు

వీలైతే వద్దు. తప్పదంటే:

☐ కెమెరాలో లొకేషన్ ఆపేసి తీయండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే లొకేషన్ వివరాలు పోతాయి గానీ, డాక్యుమెంటుగా పంపితే ఫొటోతోపాటే వెళ్తాయి.
☐ స్కూలు యూనిఫాం, ఐడీ కార్డు, బస్సు నంబరు, బండి నంబరు, గేటు మీద అపార్ట్‌మెంటు పేరు ఫొటోలో పడకుండా చూసుకోండి.
☐ వెనక గోడ మీద క్యాలెండరు. కింద ఏ ఊరి ఏ షాపుదో ఉంటుంది. దీన్ని ఎవరూ చూసుకోరు!
☐ శుభలేఖ ఫొటో ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఇంటిపేర్లు, ఊళ్లు, తాతల పేర్లు, ఫోన్ నంబర్లు అన్నీ ఒకే కాగితం మీద.
☐ చెరిపేటప్పుడు ఫోన్లో మార్కర్ గీతలు నమ్మకండి. కొన్ని పైకి నల్లగా కనిపించినా వెలుతురు పెంచితే కింద అక్షరాలు కనిపిస్తాయి. కత్తిరించడమే మేలు.
☐ అసలు పేరుతో ఎక్కడైనా పెట్టిన ఫొటో మారుపేరుతో పెట్టకండి, గూగుల్ లెన్స్‌కి అర నిమిషం పని.

7. చట్టం గీసిన గీతలు

మూడే చెప్తాను, ఇవి పేరు పెట్టినా పెట్టకపోయినా ఒకటే.

పరువు నష్టం. 2024 జులై 1 నుంచి దీనికి భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 356వ సెక్షన్. "నిజమే కదా రాసింది" అంటే సరిపోదు, నిజమై ఉండాలి, అది బయటపెట్టడం ప్రజా ప్రయోజనం కోసం అయ్యుండాలి. మీ బావగారి అప్పులు బయటపెట్టడంలో ప్రజా ప్రయోజనం చూపించడం కష్టం. పేరు రాయకపోయినా ఎవరో తెలిసిపోతే గొడవ గొడవే. పోయినవాళ్ల గురించి కూడా, వాళ్ల కుటుంబాన్ని నొప్పించే ఉద్దేశంతో రాస్తే ఇందులోకే వస్తుంది.

విడాకుల కేసు. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఆ విచారణ మూసిన తలుపుల వెనకే జరుగుతుంది, దాని వివరాలు ప్రచురించకూడదు. ఇవాళ కోర్టులో ఏం జరిగిందో రాత్రికి రాసేవాళ్లున్నారు, ఆపేయండి.

పిల్లల మీద లైంగిక నేరం. పోక్సో (పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం) 23వ సెక్షన్ బిడ్డ పేరు, ఫొటోయే కాదు, కుటుంబ వివరాలు, బడి, ఇల్లుండే చోటు కూడా బయటపెట్టకూడదంటుంది. అంటే తల్లి తన అసలు పేరుతో రాసినా బిడ్డ ఎవరో చెప్పినట్టే. ఇక్కడ పేరు పెట్టడం అనే దారే లేదు.

8. పోస్టు చేసే ముందు

కోపంలో రాసింది కోపంలో పెట్టకండి. రెండు రాత్రులు ఆగండి. మూడో రోజు పొద్దున కాఫీ తాగుతూ చూడండి:

☐ ఇందులో ఉన్న మనిషి చదివితే, వాళ్ల ఎదురుగా కూర్చుని ఇదే మాట అనగలనా?
☐ ఐదు వివరాల్లో ఎన్ని నిజంవి?
☐ వాళ్ల మనసులో మాట అని నేను ఊహించి రాసిందేమైనా ఉందా?
☐ ఇది నా రహస్యమా, వాళ్లదా? జబ్బు, జీతం, గర్భం, అప్పు, ప్రేమ ఎవరివో వాళ్లవే.
☐ ఏ అకౌంటులో ఉన్నాను?

రెండో ప్రశ్నకి తప్పితే ఏం చేయాలో తెలుసు, మార్చేయండి. నాలుగో దాని దగ్గర తప్పితే మార్చడం కాదు, పోస్టే ఆపండి.

9. బయటపడిపోతే

పడుతుంది, ఎప్పుడో ఒకప్పుడు. మొదటి గంటలో చేయకూడనివి: "అది నేను కాదు" అని అబద్ధం చెప్పడం, గబగబా అన్నీ డిలీట్ చేయడం. మొదటిది రెండు రోజులు కూడా నిలవదు. రెండోది చేస్తే ఇంకా ఘోరమైనదేదో ఉందనుకుంటారు.

చేయాల్సింది ఈ వరసలో. ఎవరి గురించి ఎక్కువ రాశారో వాళ్లకి ముందు ఫోన్ చేయండి, మెసేజ్ కాదు. "నేనే రాశాను, నువ్వు చదివి చెప్పు, తీసేయమంటే తీసేస్తా" అనండి. వాళ్లు చెప్పిన పోస్టుల్ని మాత్రం కనిపించకుండా పెట్టండి. ఫ్యామిలీ గ్రూపులో వివరణ రాయకండి, ఎవరో ఒకరు దాన్ని కూడా ఫార్వర్డ్ చేస్తారు. తీసేశాక కూడా గూగుల్‌లో పాత ముక్క కనిపిస్తుంటే, పాతబడ్డ కంటెంటు తీయమని అడిగే ఫారం వాళ్ల దగ్గరే ఉంది. 18 ఏళ్లలోపు పిల్లల ఫొటోలు వెతుకులాట ఫలితాల్లోంచి తీయమని అడగడానికి వేరే ఫారం ఉంది.

10. ముసుగు మీరే తీయాలనుకుంటే

పేరు పెట్టే రోజు నుంచి రాసేవి మాత్రమే కాదు, పాతవన్నీ కూడా ఒక్కసారిగా మీ పేరుతో రాసినవైపోతాయి. మీ ఒక్కరి ముసుగే కాదు, వాటిలో ఉన్న అందరిదీ ఊడిపోతుంది. అందుకని:

☐ నెల ముందే పాతవన్నీ దాచిపెట్టి, ఒక్కోటీ చదివి, తట్టుకునేవి మాత్రమే తిరిగి తెరవండి. నేను ఈ పని చేసినప్పుడు మూడోవంతు తిరిగి తెరవలేదు.
☐ ఇంట్లోవాళ్లకి తేదీతో సహా చెప్పండి.
☐ ప్రభుత్వ ఉద్యోగమైతే సర్వీసు రూల్స్, ప్రైవేటైతే కంపెనీ సోషల్ మీడియా పాలసీ చూసుకోండి.
☐ పండగల సీజన్లోనో, ఇంట్లో పెళ్లి పెట్టుకునో ఈ పని చేయకండి. పెళ్లిలో అందరూ ఒకేచోట దొరుకుతారు, మీరూ వాళ్లకి దొరుకుతారు.
☐ ఇంట్లో ఒక్కరైనా వద్దంటే "ట" మెట్టు మీదే ఉండిపోండి, ఆర్నెల్లు పోయాక మళ్లీ అడగండి.